వేలు ఆనగానే వచ్చే అర్థం ఎవరిది?

మా సంఘంలో గురువారం సాయంత్రాలు బైబిలు స్టడీ జరుగుతుంది. పదిహేను ఇరవై మందిమి గుండ్రంగా కూర్చుంటాం. పెద్దవాళ్ల ఒళ్లో నల్ల అట్ట బైబిళ్లు, కుర్రవాళ్ల చేతుల్లో ఫోన్లు. ఆ మధ్య యోహాను సువార్త 21వ అధ్యాయం చదువుతున్నాం. సముద్రతీరాన యేసు పేతురును మూడుసార్లు "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగే చోటు. ఇంజనీరింగ్ చదివే ఒక తమ్ముడు ఫోనులో ఆ మాట మీద వేలు ఆనించి, లేచి చెప్పాడు. "మొదటి రెండుసార్లు ప్రభువు అడిగింది అగపావో. అది దైవప్రేమ. పేతురు జవాబిచ్చింది ఫిలియో. అది ఉత్త స్నేహం. మూడోసారి ప్రభువే దిగివచ్చి ఫిలియో అని అడిగాడు. మన తెలుగు బైబిల్లో ఈ తేడా పోయింది." గదిలో ఎవరూ మాట్లాడలేదు. నలభై ఏళ్లుగా ఆ భాగం చదువుతున్న ఒక అమ్మగారు తన బైబిలు మూసి ఒళ్లో పెట్టుకున్నారు.

ఆవిడ ముఖం నాకు గుర్తుండిపోయింది. ఇన్నాళ్లూ తాను చదివిన పుస్తకంలో ఏదో కొదవ ఉందని ఆవిడకు అనిపించింది. తమ్ముడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆ గ్రీకు మాటలు నిజంగానే రెండు. అయితే "దైవప్రేమ", "ఉత్త స్నేహం" అన్న అర్థాలు ఎవరు చెప్పారు? యోహానా? నిఘంటువు రాసిన పండితుడా? యాప్ తయారుచేసినవాళ్లా? ఫోనులో బైబిలు చదివేవాళ్లం ఇప్పుడు లక్షల్లో ఉన్నాం కాబట్టి ఈ ప్రశ్నను నిదానంగా విప్పి చూడాలనిపించింది.

ముందు ఈ గ్రంథం అరచేతిలోకి ఎలా వచ్చిందో కాస్త చెప్పుకోవాలి. ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిల్లో 31,102 వచనాలు, సుమారు 7.8 లక్షల మాటలు ఉన్నాయి. ఉన్నదున్నట్టు దాస్తే 4 మెగాబైట్లు దాటుతుంది. 1996లో వచ్చిన మొదటి పామ్ పైలట్ అనే చేతి కంప్యూటరులో ఉన్న జాగా 128 కిలోబైట్లు. 1998 నాటి పామ్ త్రీలో కూడా 2 మెగాబైట్లే. ఏనుగును బిందెలో పట్టించినట్టే. అయితే ఆ 7.8 లక్షల మాటల్లో వేరువేరు మాటలు పదమూడు వేల ప్రాంతంలోనే ఉంటాయి. మిగతావన్నీ మళ్లీ మళ్లీ వచ్చేవే. ఒక్కో మాటకు ఒక సంఖ్య ఇచ్చి, మాట బదులు రెండు బైట్ల సంఖ్య దాస్తే మొత్తం ఒకటిన్నర మెగాబైట్లకు దిగుతుంది. పైగా ఏ మాట ఎక్కడెక్కడ ఉందో వెతకడం కూడా తేలికవుతుంది. ఆలివ్ ట్రీ, లారిడియన్ లాంటి అమెరికన్ సంస్థలు చేతి పరికరాలకు బైబిలు సాఫ్ట్‌వేర్ అందించడం మొదలుపెట్టింది ఇంత ఇరుకు రోజుల్లోనే. 2008 జులైలో ఐఫోన్ యాప్ స్టోర్ తెరిచినప్పుడు అందులో మొదటి రోజునుంచే యూవెర్షన్ బైబిలు యాప్ ఉంది. ఆ తరువాత జాగా సమస్య పోయింది. ఇప్పుడు మామూలు ఫోనులో వంద అనువాదాలు, యాభై వ్యాఖ్యానాలు పడతాయి.

జాగా పెరిగాకే అసలు చిక్కు మొదలైంది. తెరమీద అన్నీ ఒకే అక్షరాలతో, ఒకే రంగులో కనిపిస్తాయి కాబట్టి యాప్ అంటే ఒకే పుస్తకం అనుకుంటాం. నిజానికి అది ఒకదానిమీద ఒకటి పరిచిన అయిదారు పుస్తకాలు. అడుగున బైబిలు పాఠం. దానిమీద అధ్యాయాల, వచనాల సంఖ్యలు. ఆపైన ఒక్కో మాటకు తగిలించిన స్ట్రాంగ్ సంఖ్య. ఆ సంఖ్య నొక్కితే తెరుచుకునే నిఘంటువు. పక్కనే వ్యాఖ్యానాలు. ఇవన్నీ వేరువేరు శతాబ్దాల్లో, వేరువేరు మనుషులు చేసిన పనులు. కాగితం రోజుల్లో ఏ పుస్తకం తెరుస్తున్నామో చేతికి తెలిసేది. ఫోనులో ఆ తెలివిడి పోతుంది.

వీటిలో స్ట్రాంగ్ సంఖ్యల సంగతి కొంచెం ఎక్కువసేపు చూడాలి. మా తమ్ముడి వేలు ఆనింది వాటిమీదే.

జేమ్స్ స్ట్రాంగ్ అనే అమెరికన్ పండితుడు 1890లో ఒక కన్‌కార్డెన్స్ ప్రచురించాడు. కింగ్ జేమ్స్ బైబిల్లోని ప్రతి ఇంగ్లిష్ మాటా ఎక్కడెక్కడ వస్తుందో చెప్పే పద సూచిక అది. ఒక్కో చోట ఆ ఇంగ్లిష్ మాట వెనక ఉన్న హెబ్రీ లేదా గ్రీకు మాటకు ఒక సంఖ్య ఇచ్చాడు. హెబ్రీకి 1 నుంచి 8674 దాకా, గ్రీకుకు 1 నుంచి 5624 దాకా. హెబ్రీ అక్షరం ఒక్కటీ రానివాడు కూడా ఆ సంఖ్య పట్టుకుని మూలపదం దాకా నడవగలడు. ఇది గొప్ప ఉపకారం. నూట ముప్ఫై ఏళ్లుగా ఎందరో గ్రామ సేవకులకు మూలభాష వైపు తెరిచిన కిటికీ అదొక్కటే. కంప్యూటర్లు వచ్చాక ఆ సంఖ్యలు లింకులుగా మారడానికి పుట్టినట్టే సరిపోయాయి.

దీని మేలు తెలుగు పాఠకుడికి ఎలా అందుతుందో ఒక మాటతో చూద్దాం. 136వ కీర్తనలో "ఆయన కృప నిరంతరముండును" అని 26 వచనాల్లో 26 సార్లు వస్తుంది. ఆ కృప హెబ్రీలో హెసెద్. స్ట్రాంగ్ సంఖ్య 2617. ఇప్పుడు హోషేయ 6:6 చూడండి. బలిని కోరను గాని కనికరమునే కోరుచున్నాను అంటాడు దేవుడు. ఈ కనికరం కూడా హెసెదే. తెలుగులో కృప అని వెతికితే హోషేయ వచనం దొరకదు. 2617 అని వెతికితే దొరుకుతుంది. మరోవైపు, నోవహు యెహోవా దృష్టియందు పొందిన కృప హెబ్రీలో వేరే మాట, హేన్, 2580. ఎఫెసీయులకు రాసిన పత్రికలో మనం రక్షింపబడిన కృప గ్రీకు ఖారిస్, 5485. తెలుగులో ఒక్క గొడుగు కింద నిలబడిన మూడు మాటలను సంఖ్య విడదీస్తుంది. తెలుగులో రెండు ఇళ్లలో ఉన్న ఒక్క మాటను కలుపుతుంది.

కానీ ఆ సంఖ్య నొక్కాక తెరుచుకునే నిఘంటువు దగ్గర జాగ్రత్త పడాలి. 2617 కింద స్ట్రాంగ్ ముందుగా తన వివరణ ఇస్తాడు. తరువాత ఒక చిన్న గీత. ఆ గీత తరువాత దయ, కనికరం, మేలు అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ మాటల వరుస, ఆ వరుస చివర నింద, చెడ్డపని అనే అర్థమిచ్చే మాటలు. హెసెద్ అంటే చెడ్డపనా? చూసినవాడు తికమకపడతాడు. ఆ గీత తరువాత ఉన్నవి మాట అర్థాలు కావు. కింగ్ జేమ్స్ అనువాదకులు ఆ హెబ్రీ మాటను ఏయే చోట్ల ఏయే ఇంగ్లిష్ మాటలతో తర్జుమా చేశారో ఆ జాబితా. సామెతలు 14:34లో పాపము ప్రజలకు అవమానము తెచ్చును అన్నచోట అవమానానికి ఉన్న హెబ్రీ మాట అచ్చంగా హెసెద్ అక్షరాలతోనే ఉంటుంది. తరువాతి నిఘంటువులు దాన్ని రూపం ఒకటే అయినా వేరే పదంగా విడగొట్టాయి. మన "ఆరు" అంకె కూడా అవుతుంది, తడి ఆరడమూ అవుతుంది కదా, అలాగన్నమాట. స్ట్రాంగ్ రెండింటినీ ఒకే సంఖ్య కింద ఉంచాడు. ఆయన సంగతి తెలిసిన పాఠకుల కోసం రాశాడు. చాలా యాప్‌లు ఆ గీతను అలాగే ఉంచి, దాని భావం మాత్రం ఎక్కడా చెప్పకుండా వదిలేస్తాయి. దాంతో కుర్రవాళ్లు ఆ వరుసలో తమకు నచ్చిన అర్థం ఒకటి ఏరుకుని ప్రసంగం కట్టేస్తారు. ఒక మాటకు ఉన్న అర్థాలన్నీ ప్రతి చోటా ఒకేసారి ఉండవు. వాక్యమే ఏది కావాలో తేలుస్తుంది. ఇది ఏ భాషకైనా ఒకటే.

సంఖ్యకు ఇంకో హద్దు కూడా ఉంది. హోషేయ మాటనే యేసు మత్తయి 9:13లో ఎత్తిచెబుతాడు. అక్కడిది గ్రీకు కాబట్టి సంఖ్య మారిపోతుంది, 1656. 2617 అని ఎంత వెతికినా మత్తయి రాదు. తెలుగు బైబిల్లో మాత్రం రెండుచోట్లా కనికరమే. తెలుగు అనువాదకులు ఆ బంధం తెగకుండా కాపాడారు. సంఖ్య చేయలేని పని ఇక్కడ తెలుగు మాట చేసింది. అందుకే నేను తెలుగులో ఒకసారి, సంఖ్యతో ఒకసారి రెండు విధాలా వెతకమంటాను.

ఇక యోహాను 21కి వద్దాం. ఆ గురువారం నేనేమీ అనలేదు. ఇంటికి వచ్చి ఫిలియో సంఖ్య 5368ను యోహాను సువార్త మొత్తంలో వెతికాను. 5:20లో తండ్రి కుమారుని ప్రేమించుచున్నాడు అన్నచోట ఉన్నది ఫిలియో. ఉత్త స్నేహమే అయితే తండ్రికి కుమారుడి మీద ఉన్నది ఉత్త స్నేహమా? 3:35లో దాదాపు అదే మాటకు అగపావో ఉంది. యోహాను ఆ రెండింటినీ మార్చి మార్చి వాడతాడు. పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింతులో, రెండవ సమూయేలు 13లో అమ్నోను తామారు మీద పెంచుకున్న ఘోరమైన కోరికకు కూడా అగపావోయే వాడారు. దాన్ని దైవప్రేమ అనగలమా? ఆ రెండు మాటల మధ్య ఛాయాభేదం ఉందనే పండితులు ఉన్నారు, లేదనేవాళ్లూ ఉన్నారు. యోహాను తన సువార్తలో ఆ మాటలను వాడిన తీరు చూశాక నాకు రెండో పక్షమే సబబనిపిస్తుంది. పేతురు ఎందుకు వ్యసనపడ్డాడో, అంటే బాధపడ్డాడో, 17వ వచనం తానే చెబుతోంది. మూడవసారి అడిగినందుకు. యేసును పట్టుకున్న రాత్రి ఆయనను మూడుసార్లు ఎరుగనన్నవాడు అతడు.

గమనించండి, తప్పు దారి పట్టించిన సాధనమే దారి చూపింది కూడా. నిఘంటువు తెరిచి ఒక వాక్యం చదివి ఆగిపోతే ఒకటి తెలిసింది. అదే సంఖ్యతో అన్ని చోట్లా వెతికి, వచనాలు వరసగా చదివితే ఇంకొకటి తెలిసింది. స్ట్రాంగ్ అసలు కట్టింది కన్‌కార్డెన్స్. నిఘంటువు ఆ పుస్తకానికి వెనక చేర్చిన అనుబంధం. యాప్‌లలో ఇది తలకిందులైంది. నిఘంటువు ఒక్క వేటుకు వస్తుంది, కన్‌కార్డెన్స్ మూడు మెనూల అడుగున ఉంటుంది. నిఘంటువు పెట్టె కింద "ఈ మాట వచ్చే అన్ని చోట్లు" అన్న అర్థమిచ్చే బొత్తం ఏదో ఒక మూల ఉంటుంది. వెతికి పట్టుకుని అలవాటు చేసుకోవాలి.

ఉచిత యాప్‌లలోని పుస్తకాల వయసు గురించి కూడా చెప్పాలి. థేయర్ గ్రీకు నిఘంటువు 1880లది. ఈస్టన్ బైబిలు నిఘంటువు 1897. హెబ్రీకి బ్రౌన్, డ్రైవర్, బ్రిగ్స్ అనే ముగ్గురు చేసిన నిఘంటువు 1906. మాథ్యూ హెన్రీ వ్యాఖ్యానమైతే 1700ల ఆరంభానిది. ఇవన్నీ ఎందుకు ఉచితం? హక్కుల గడువు తీరిపోయింది కాబట్టి. పాతవి కాబట్టి పనికిరావని నేననను. మాథ్యూ హెన్రీ చదివి కళ్లు చెమర్చిన రోజులు నాకున్నాయి. కానీ థేయర్ పుస్తకం వచ్చాకే ఐగుప్తు ఇసుకలో, ముఖ్యంగా 1890ల చివరినుంచి ఆక్సిరింకస్‌లో, వేలకొద్దీ పపైరస్ కాగితాలు బయటపడ్డాయి. ఉత్తరాలు, రసీదులు, దావా పత్రాలు. బైబిల్లో తప్ప ఇంకెక్కడా లేవనుకున్న గ్రీకు మాటలెన్నో బజారులో జనం వాడుకున్నవేనని వాటివల్ల తేలింది. మృత సముద్రపు చుట్టలనే ప్రాచీన చేతిరాత ప్రతులు బయటపడటం మొదలైంది 1947లో. థేయరుకు ఇవేవీ తెలిసే వీలు లేదు. కొత్త నిఘంటువులు డబ్బు పెట్టి కొనాలి, అవి మన సేవకులకు అందుబాటు ధరల్లో ఉండవు. ఈ విషయంలో కేంబ్రిడ్జిలోని టిండేల్ హౌస్ అనే బైబిలు పరిశోధన సంస్థ చేసిన పని నాకు ఎంతో ఊరట. వాళ్ల స్టెప్ బైబిల్ మూలభాషా సాధనాలను ఉచితంగా ఇస్తుంది. ఫోను బ్రౌజర్లోనూ తెరుచుకుంటుంది.

వచన సంఖ్యల గొడవ చిన్నదే, అయినా తెలియకపోతే బెంబేలెత్తిస్తుంది. వచనాలకు సంఖ్యలు మూలగ్రంథంలో లేవు. కొత్త నిబంధనలో మనం ఇప్పుడు వాడే వచన సంఖ్యలను రాబర్ట్ ఎస్తియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు 1551లో పెట్టాడు. హెబ్రీ బైబిల్లో కీర్తన శీర్షికలనూ వచనాలుగా లెక్కిస్తారు. కాబట్టి మనకు 51వ కీర్తన 1వ వచనం అక్కడ 3వ వచనం. సెప్టువజింతులో ఆ కీర్తన సంఖ్యే 50. మలాకీ మనకు 4 అధ్యాయాలు, హెబ్రీలో 3. మంచి యాప్ ఈ లెక్కల మధ్య సరిచూసి పక్కపక్కన చూపిస్తుంది. సరిచూడని యాప్‌లో తెలుగు పక్కన హెబ్రీ తెరిస్తే వేరే వచనం వస్తుంది. అపొస్తలుల కార్యములు 8:37 కొన్ని అనువాదాల్లో కనబడకపోవడం మాత్రం వేరే సంగతి. పాత చేతిరాత ప్రతుల్లో చాలావాటిలో అది లేదు. యాప్ మింగేసిందని కంగారు పడవద్దు.

తెలుగులో వెతకడం దగ్గర మాత్రం మన కష్టం మనదే. ఇంగ్లిష్‌లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది, మాట రూపం పెద్దగా మారదు. తెలుగులో దేవుడు, దేవుని, దేవునికి, దేవునితో, దేవా. ఓవీ (ఓల్డ్ వెర్షన్), అంటే మన పాత తెలుగు బైబిల్లో, దీనికి సంధి తోడవుతుంది. హోషేయ 6:6లోనే నాకిష్టమైనది అని ఉంది. యాప్‌లో ఇష్టము అని వెతికితే ఈ వచనం రాదు. ఎందుకంటే కంప్యూటరు దృష్టిలో ఇ అనే అచ్చు వేరు, కి మీద ఉన్న గుడి వేరు. కంప్యూటరులో అక్షరానికో సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో రెండింటికీ సంఖ్యలు వేరు. సంధిలో అచ్చు గుణింతంగా మారిపోగానే మాట మొదలు మాయమవుతుంది. నిరంతరముండును అన్నచోట ఉండును అని వెతికినా అంతే. దీనికి నేను కనిపెట్టుకున్న ఉపాయం మొదటి అచ్చు, చివరి ప్రత్యయం రెండూ వదిలేసి నడుమ భాగం మాత్రం కొట్టడం. ష్టమ అని కొడితే ఇష్టమైన, నాకిష్టమైనది, అయిష్టముగా అన్నీ వస్తాయి. కష్టము కూడా వస్తుంది, ఏరుకోవాలి. అలాగే ఎరూషలేము అని కొడితే ఏమీ రాదు. ఓవీలో యెరూషలేము. పూర్తి మాటలు మాత్రమే వెతికే సెట్టింగు ఉంటే తెలుగుకు దాన్ని తీసేయాలి.

కంటికి కనబడని గుర్తులూ ఉంటాయి. పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగును యూనికోడ్‌లోకి మార్చినప్పుడు అక్షరాల మధ్య వెడల్పు లేని గుర్తులు మిగిలిపోతాయి. చదవడానికి తేడా తెలియదు. వెతుకులాట మాత్రం తప్పిపోతుంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూలదోసిన తెలుగు అక్షరం గుర్తుందా? అది జ్ఞా. మామూలు జ్ఞా ఏమీ చేయదు. జ్ఞకూ దీర్ఘానికీ మధ్య అలాంటి కనబడని గుర్తు ఒకటి దూరితే సందేశాల యాప్‌లు మూసుకుపోయేవి. కొద్దిరోజుల్లోనే 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. జ్ఞానము అన్న మాట సామెతల గ్రంథంలో ఎన్నిసార్లు వస్తుందో తలుచుకుంటే, మన పాఠం శుభ్రంగా ఉండటం ఎంత అవసరమో తెలుస్తుంది. ఒక యాప్‌లో మీకు బాగా తెలిసిన వచనమే వెతికినా దొరకకపోతే, మీ జ్ఞాపకాన్ని అనుమానించే ముందు ఆ యాప్ పాఠాన్ని అనుమానించండి.

ఏ యాప్ వాడాలని చాలామంది అడుగుతారు. రోజూ చదవడానికి, వినడానికి యూవెర్షన్ చాలు. అధ్యయనానికి ఆండ్రాయిడ్‌లో నేను ఆండ్‌బైబిల్ వాడతాను. ఉచితం, నెట్ లేకున్నా పనిచేస్తుంది. తెరను రెండుగా చేసి పైన తెలుగు, కింద స్ట్రాంగ్ సంఖ్యలున్న కింగ్ జేమ్స్ పెట్టుకుంటే రెండూ కలిసి కదులుతాయి. డబ్బు పెట్టి పుస్తకాలు కొనేముందు ఒకటి గుర్తుంచుకోండి. కొంటున్నది వాడుకునే అనుమతి మాత్రమే. బైబిల్‌వర్క్స్ అనే పేరున్న సంస్థ 2018లో మూతపడింది. పామ్ పరికరాలతో పాటే వాటికోసం కొన్న పుస్తకాలెన్నో మూలపడ్డాయి. మీరు రాసుకున్న నోట్సు మాత్రం మీది. ఏడాదికి ఒకసారైనా దాన్ని యాప్ బయటికి తీసి, మామూలు ఫైలుగా దాచుకోండి. నేను ఒకసారి ఫోను మార్చి నాలుగేళ్ల నోట్సు పోగొట్టుకున్నాను. రోమా పత్రిక మీద మా నాన్న చెప్పగా రాసుకున్నవి అందులో ఉన్నాయి.

నా ఫోనులోని తెలుగు బైబిళ్లలో వేటికీ మాటకు మాట స్ట్రాంగ్ సంఖ్యలు లేవు. అందుకే తెలుగువాడు హెబ్రీ దగ్గరికి వెళ్లాలంటే ఇంగ్లిష్ వాకిట్లోంచి వెళ్లాలి. కింగ్ జేమ్స్ ఇంగ్లిష్ రాని అమ్మగారికి ఆ తలుపు మూసే ఉంది. తెలుగు మాటలకే నేరుగా సంఖ్యలు తగిలిస్తే ఆవిడ వేలు కనికరము మీద ఆని, 136వ కీర్తన దాకా వెళ్లి రాగలదు. పాఠం హక్కుల చిక్కు అన్నిచోట్లా లేదు. 2019లో వచ్చిన ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ తెలుగు పాఠాన్ని క్రియేటివ్ కామన్స్ షరతుల మీద ఎవరైనా వాడుకోవచ్చు. శ్రమ మాత్రం చాలా ఉంది, అది కూడా తెలుగూ హెబ్రీ రెండూ వచ్చినవాళ్ల శ్రమ. ఓవీలోని నిరంతరముండును అన్న ఒక్క మాటనే తీసుకోండి. అందులో నిరంతరముకు హెబ్రీలో మాట ఉంది. ఉండునుకు లేదు. హెబ్రీ ఆ చోట క్రియ లేకుండానే వాక్యం ముగిస్తుంది, కింగ్ జేమ్స్ కూడా తాను చేర్చిన క్రియను వాలు అక్షరాల్లో అచ్చువేసింది. ఒక్క మాటలో సగానికి సంఖ్య ఇచ్చి, సగానికి ఇవ్వకుండా వదలాలి. సంధి విడదీసి, ఏ సగం ఎవరిదో చూసి, 31 వేల వచనాలు అలా దాటాలి. వేదాంత కళాశాలల్లో హెబ్రీ చదువుతున్న పిల్లలు, మా తమ్ముడిలాంటి ఇంజనీరింగ్ పిల్లలు ఒకచోట కూర్చుంటే ఆమోసు, ఓబద్యా లాంటి చిన్న పుస్తకాలతో మొదలుపెట్టవచ్చు. తమ్ముడితో ఈ మాట అన్నాను. యోనాతో మొదలుపెడదామన్నాడు, 48 వచనాలే కదా అని.